పురుగుల ఇంట్లో కెమెరా

సోమేనహళ్ళిలో అక్కయమ్మ పురుగుల ఇంట్లోకి అడుగుపెట్టే హక్కు అక్కయమ్మకు తప్ప ఇంకెవరికీ లేదు. కట్టుకున్న మొగుడు గంగాధరప్పకు కూడా వల తలుపు దాకానే. పట్టుపురుగు పెరిగే ఆ పాతిక రోజుల్లో నాలుగుసార్లు తిండి మాని, తల పైకెత్తి, కదలకుండా ఉండిపోతుంది. పాత చర్మం విడిచి కొత్తది తొడుక్కుంటుంది. ఆ పక్క దాన్ని జ్వరం అంటారు. నాలుగో జ్వరం తీరి పురుగులు మళ్ళీ ఆకు మీద పడ్డాయంటే, గూళ్ళు కట్టేదాకా ఆ వారం రోజులూ అక్కయమ్మ మనిషి కాదు, కాపలా కుక్క. ఈ మాట నాది కాదు, గంగాధరప్పది. ఆమెకు వినబడేట్టు మాత్రం ఎప్పుడూ అనలేదు.

ఆమె కారణాలు ఆమెకున్నాయి. వచ్చినవాళ్ళు ఏ ఇంటినుంచి వచ్చారో, తలకు ఏ నూనె రాసుకున్నారో ఎవరికి తెలుసు? పురుగుకు వాసన పడదు. అందుకే పురుగుల కోసమని ఆమె ఒక చీర పెట్టుకుంది. వెలిసిపోయిన ఎర్ర నేతచీర. పెరట్లో నీళ్ళు పోసుకుని, అక్కడే మేకుకు వేలాడే ఆ చీర కట్టుకుని, పక్కనే తడిగోతాం కింద ఉన్న ఆకు మోపు కట్టి నెత్తిన పెట్టుకుని లోపలికి పోయేది. బయటికి రాగానే విడిచి మళ్ళీ మేకుకు తగిలించేది. గూళ్ళు దిగేదాకా ఆ చీరకు సబ్బు తగలనిచ్చేది కాదు. సబ్బు వాసనకు పురుగు చస్తుందని వాళ్ళమ్మ చెప్పింది. వాళ్ళమ్మకు వాళ్ళమ్మ చెప్పి ఉంటుంది. తప్పుబట్టడానికేమీ లేదు. ముప్పై ఏళ్ళుగా ఆమె గూళ్ళు చింతామణి మార్కెట్లో పోస్తే, కొనేవాళ్ళు ఒక గూడు తీసి చెవి దగ్గర ఆడించి, ఇంక మారుమాట లేకుండా ఎత్తుకునేవాళ్ళు.

అలాంటి మనిషికి వరసగా రెండు పంటలు పోయాయి. ఊజి ఈగ వల్ల. అంతకుముందు ఏళ్ళలో ఆ ఊళ్ళో దాని బెడద ఇంతగా లేదు. చూడటానికి ఇంట్లో తిరిగే ఈగలాగే ఉంటుంది, కాస్త పెద్దది. పట్టుపురుగు ఒంటి మీద ఒక తెల్లటి గుడ్డు పెట్టి తన దారిన తాను పోతుంది. ఆ గుడ్డులోంచి పుట్టింది పట్టుపురుగు ఒంట్లోకి దూరి, లోపల్నుంచి తినేసి, గూటికి బెజ్జం చేసుకుని బయటికొస్తుంది. బెజ్జం పడ్డ గూటినుంచి దారం రాదు. కిటికీలకు వలలున్నాయి, తలుపుకు వల ఉంది, ఈగ ఎట్లా వచ్చిందో తెలియదు. తెలియనప్పుడు ఎవరో ఒకరు దొరకాలి కదా, తోడికోడలు పుట్టమ్మ దొరికింది.

పుట్టమ్మది పక్కిల్లే, మధ్యలో నడుమెత్తు గోడ. మొదటి పంట పోయినప్పుడు ఆమె బాగేపల్లిలో పెళ్ళికి పోయివచ్చి, తలలో మూర మల్లెపూలతో, "అక్కా" అని పిలుస్తూ తిన్నగా పురుగుల ఇంట్లోకి వచ్చేసింది. నాలుగు రోజులకు గూళ్ళకు బెజ్జాలు పడ్డాయి. "నీ కాలు పడింది, నా పంట పోయింది" అని అక్కయమ్మ వీధి వీధంతా వినేట్టు అంది. పుట్టమ్మ తిరిగి ఒక్క మాట అనలేదు. ఇరవై ఏళ్ళు ఒకరి తల ఒకరు దువ్వుకున్నవాళ్ళు, ఆరునెలలుగా గోడకు ఇటు ఒకరూ అటు ఒకరూ.

మరి రెండో పంటకు పుట్టమ్మ కాలు పడలేదు కదా అంటే, అక్కయమ్మ పోయి వలలకు మేకులు మళ్ళీ బిగించేది. జవాబు గంగాధరప్ప దగ్గర ఉంది. "ఈ పంటే కడాపటిది. ఇదీ పోతే మల్బరీ పెరికించేస్తా. టమాటా పెడితే దినామూ చింతామణికి పంపుకోవచ్చు" అన్నాడు. అంజినప్పకు చెప్పి ట్రాక్టరు కూడా మాట్లాడి పెట్టాడు. ఆయన చెడ్డవాడు కాదు, మొండివాడూ కాదు. రెండు పంటలు పోతే ఎవరైనా ఆ మాటే అంటారు. అక్కయమ్మ సరేనంది. అని, ఆ రాత్రి అన్నం ముట్టలేదు. ముప్పై ఏళ్ళుగా పురుగులకు ఆకు వేస్తున్న చేతులు, టమాటా గంపల దగ్గర ఏం చేస్తాయి?

ఆ మూడో పంటకు నాలుగో జ్వరం తీరిన రెండో రోజున లోకేశ్ వచ్చాడు. అక్కయమ్మ చెల్లెలి కొడుకు. చింతామణి బస్టాండు దగ్గర వాడికొక ఫోటో స్టూడియో ఉంది. అక్కడి చీరల అంగడి ఒకటి వచ్చే ఏడాది, అంటే రెండువేల ఏడుకు, పురుగు నుంచి చీర దాకా పన్నెండు బొమ్మలతో క్యాలెండరు వేయిద్దామనుకుంది. ఆ పని వాడికి వచ్చింది.

"పెద్దమ్మా, ఒక్క గంట. లోపలికొచ్చి నాలుగు ఫోటోలు కొట్టుకోని పోతా" అన్నాడు.

"నువ్వు కాదు గదా, నీ నీడ గూడా లోపలికి రాకూడదు" అంది అక్కయమ్మ.

ఈ మాట వస్తుందని వాడికి తెలుసు. ఆ పెద్దమ్మ చేతి ముద్ద తిని పెరిగినవాడు కదా. "సరే, నేను రాను. కెమెరా ఒకటే వస్తాది. నేను ఈడ తిన్నె మీద కూచోని కొడతా."

"ఈడ కూచోని ఆడెట్ల కొడతావు?"

"వైరు ఉండాది. కంప్యూటర్లో బటన్ ఒత్తితే ఆడ కెమెరా కొడతాది. ఫోటో ఈడికి వస్తాది."

అక్కయమ్మకు కోపం ఎంతో, ఆరా కూడా అంతే. ఊళ్ళోకి బోరు బండి వస్తే, ఎన్నో అడుగున ఏ రంగు మట్టి వచ్చిందో చూడటానికి ఆడవాళ్ళలో తనొక్కతే పోయి నిలబడే మనిషి. వద్దని నోటితో అంటూనే, "ఆ వైరు ఎంత పొడవుంటాది?" అని అడిగింది. లోకేశ్‌కు అప్పుడే అర్థమైపోయింది, పని జరుగుతుందని.

ఆ విద్య వాడు ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. కొత్త డిజిటల్ కెమెరా కొన్నప్పుడు డబ్బాలో ఒక సీడీ వచ్చింది. మిగతా స్టూడియోలవాళ్ళు దాన్ని బయట పడేశారు. వీడు కంప్యూటర్లో వేసి చూశాడు. కెమెరాను కంప్యూటరుకు తగిలిస్తే, వెలుతురు పెంచడం, తగ్గించడం, ఫోటో కొట్టడం అన్నీ తెర మీద నుంచే చేయొచ్చని తెలిసి, వారం రోజులు అంగడి మూసుకుని తన మొహమే తాను నాలుగువందల ఫోటోలు తీసుకున్నాడు. ఇప్పుడు పెళ్ళిళ్ళకు తిప్పే వ్యానులో కంప్యూటరు మొత్తం, ఆ బరువైన డబ్బా తెరతో సహా, పెద్దమ్మ ఇంటి తిన్నె మీదికి దించాడు. కరెంటు పోతే పది నిమిషాలు ఆదుకునే బ్యాటరీ డబ్బా కూడా తెచ్చాడు.

అన్నీ అమర్చాక అక్కయమ్మ కెమెరా ముందు నిలబడి, పెళ్ళిచూపులకొచ్చినట్టు పైనుంచి కింద దాకా చూసింది.

"ఇది నిన్న యాడికి పొయ్యిండె?"

పెద్దమ్మ దగ్గర లోకేశ్‌కు అబద్ధం నోటికి రాదు. "కైవారం పక్క ఒక చావింటికి."

"అయితే దీనికి నీళ్ళు పొయ్యాల."

లోకేశ్ కెమెరాకు అడ్డంగా నిలబడ్డాడు. నీళ్ళు తగిలితే కెమెరా చస్తుందన్నాడు. చావింటి మైల తగిలితే తన పురుగులు చస్తాయని ఆమె అంది. ఇద్దరూ ఒక అరగంట వాదులాడుకున్నారు. చివరికి మూడుకాళ్ళ స్టాండుకు బ్లీచింగ్ నీళ్ళతో తలంటు, కెమెరాకు డెట్టాల్ పిండిన గుడ్డతో తుడుపు, వైరుకు మొదలు నుంచి కొస దాకా పసుపు అని ఒప్పందం కుదిరింది. ఆపైన కెమెరాకు సాంబ్రాణి పొగ. లోకేశ్ అద్దానికి చెయ్యి అడ్డం పెట్టుకుని, కళ్ళు మూసుకుని, పొగ అయిపోయేదాకా దేవుణ్ణి తలుచుకున్నాడు.

పురుగుల ఇంటి కిటికీ ఒకటి తిన్నె వైపుకే ఉంది; తలుపు మాత్రం వెనక పెరట్లోకి. కిటికీ పక్కన గోడలో బల్బు వైరు పోయే బెజ్జం ఉంటే, దాంట్లోంచే కెమెరా వైరు దూర్చి, చుట్టూ తడిమట్టి మెత్తింది అక్కయమ్మ. కెమెరాను చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని పెరటి దారిన లోపలికి తీసుకుపోయింది. లోపల ఆమె, బయట కిటికీ దగ్గర వాడు. వాడు చెప్పినట్టు ఆమె స్టాండు జరిపింది.

"ఇంగ చెయ్యి తీసెయ్ పెద్దమ్మా. కొడతాండా."

టక్ మంది. ముప్పై ఏళ్ళుగా ఆకు నమిలే చప్పుడు తప్ప ఇంకో చప్పుడు ఎరగని ఇంట్లో, పక్కన ఎవరూ లేకుండానే టక్ మంది. అక్కయమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. తర్వాత ఒక అడుగు ముందుకు వేసి కెమెరాలోకి తొంగిచూసింది. ఆ తర్వాత నవ్వింది. క్యాలెండరు కోసం ఆ వెంటనే కొట్టిన రెండో ఫోటో అందువల్లే చెడిపోయింది. దాన్నిండా ఆమె పళ్ళు.

"నేను లోపలున్నప్పుడు కొట్టొద్దు రా! ఈ పీలిక చీరతో నా బొమ్మ అంగడి గోడ మీద ఏంటికి?" అని లోపల్నుంచే కేకేసింది. అప్పటినుంచి ఆమె లోపలికి పోయినప్పుడల్లా లోకేశ్ కెమెరాను ఆపేసేవాడు.

బయటికొచ్చి, మామూలు చీర కట్టుకుని, తెర ముందు కూర్చుంది. ఒక్క పురుగు తెర నిండా ఉంది. పక్కన వరసగా చుక్కలు, ముందు ఆరు చిన్న కాళ్ళు ఆకు అంచును రెండు చేతులతో పట్టుకున్నట్టు పట్టుకుని. ముప్పై ఏళ్ళలో కొన్ని లక్షల పురుగులను చేత్తో ఎత్తిపెట్టింది గానీ, ఒక్కదాని మొహమూ ఆమె ఇంత దగ్గరగా చూడలేదు. "ఇదేందిరా, ఇది పైనుంచి కిందికే తింటాదే! మళ్ళా తలెత్తి మళ్ళా పైనుంచి!" అంది. ఇంకొకటి కొట్టమంది. ఇంకొకటి. తర్వాత బటన్ యాడుందో చూపించమని తనే కొట్టింది. తెర మీద ఫోటో రావడానికి నాలుగు లెక్కపెట్టేంత సేపు పడితే, ఆ నాలుగు లెక్కపెట్టేంత సేపూ ఊపిరి బిగబట్టుకుంది.

"నేను లేనప్పుడు ఇవి ఏం చేస్తాంటాయో సూడాల" అంది సాయంత్రానికి. లోకేశ్‌కు కావలసిన ఫోటోలు అప్పటికే వచ్చేశాయి. అయినా పెద్దమ్మ ముఖం చూసి, రెండు నిమిషాలకొకసారి తనంతట తానే కొట్టేట్టు కంప్యూటరుకు చెప్పిపెట్టి, అక్కడే ఉండిపోయాడు. ఊరు ఊరంతా తిన్నె ముందు చేరింది. గోడ అవతల్నుంచి పుట్టమ్మ కూడా మెడ సాచి చూసింది. అక్కయమ్మ ఆకు వేయడానికి లోపలికి పోగానే గోడ దాటి వచ్చి చివర కూర్చునేది. ఆమె వచ్చే అలికిడి కాగానే లేచిపోయేది.

రెండో రోజు పదకొండు గంటల మేతయ్యాక, పన్నెండుకు ముందు వచ్చిన ఫోటోలో ఒక నల్లటి మచ్చ ఉంది.

"అద్దం మీద దుమ్ము పడినట్లుండాది" అన్నాడు లోకేశ్.

"పెద్దది చెయ్" అంది అక్కయమ్మ. పెద్దది చేశాడు. మచ్చకు రెక్కలున్నాయి. "ఊజి" అంది, అంతే.

లోపలికి పరుగెత్తి మూడింటిని చంపింది. తట్టలు ఒక్కొక్కటే దించి, తెల్లచుక్క ఉన్న పురుగులను ఏరి వేడినీళ్ళలో వేసింది. నలభైకి పైగా తేలాయి. వలలు వేలితో తడిమి చూసింది. ఎక్కడా చీలిక లేదు. గంగాధరప్ప వచ్చి వలతలుపు అవతల నిలబడి, ఒక్క మాటా అనకుండా తిరిగి పోయాడు. అనుంటేనే బాగుండేదని ఆమెకు అనిపించింది.

మామూలుగా అయితే కూర్చుని ఏడ్చేది, లేకపోతే ఎవరినైనా తిట్టేది. ఆ రోజు రెండూ చేయలేదు. తిన్నె మీదికొచ్చి, "ఒరే లోకేశా, ఇది చెప్పదా? యాణ్ణుంచి వస్తాండాదో?" అంది.

ఫోటో ఫోటోకూ కింద టైము పడి ఉంది. ఇద్దరూ పొద్దున్నుంచి వచ్చినవన్నీ ముందుకూ వెనక్కూ తిప్పారు. పదకొండుకు ముందు ఈగ లేదు. పదకొండున్నర తర్వాత ఉంది. సరే, కిటికీలను చూద్దామని ఆమె పోయి కెమెరాను ఒక కిటికీకి తిప్పింది, మూడు గంటల దాకా ఏమీ రాలేదు. రెండో కిటికీకి తిప్పింది, చీకటి పడేదాకా అదీ అంతే. మూడో రోజు పొద్దున తలుపుకు తిప్పింది. అప్పుడు కనబడ్డాయి: వలకు అవతల వైపు, ఎండలో, ఏడెనిమిది ఈగలు. వల మీద పాకుతున్నాయి, కూర్చుంటున్నాయి, ఎగిరిపోతున్నాయి. లోపలికి మాత్రం ఒక్కటీ రాలేదు. రెండు గంటల్లో వచ్చిన అరవై ఫోటోల్లో ఒక్కటీ రాలేదు. కానీ ముందురోజు నాలుగు గంటల మేత తర్వాత లోపల రెండున్నాయి, ఈ పొద్దు ఆరు గంటల మేత తర్వాత నాలుగున్నాయి.

"ఫోటో లేని టైములోనే వస్తాండాయి పెద్దమ్మా" అన్నాడు లోకేశ్.

"ఫోటో లేని టైమంటే?"

"నువ్వు లోపలికి పొయ్యే టైము. నువ్వు వద్దంటివి గదా, నేను ఆపేస్తాండా."

అక్కయమ్మ చూపు పెరటి వైపు పోయింది. ఆకు అనుకుంది. ఆకు మోపులో వస్తున్నాయి, ఇంకేముంది! పదకొండు గంటల మేతకు గంట ముందే పోయి కూర్చుని, ఆకు ఆకూ దులిపి, మోపు కట్టి, తడిబట్టతో మూసింది. పోయేముందు లోకేశ్‌ను పిలిచింది.

"ఈపొద్దు ఆపొద్దు. కొట్టనీ. నిమిషానికొకటి కొట్టనీ."

"నీ ఫోటో పడతాది మరి."

"పడితే పడనీ. నేనేమన్నా పెళ్ళికూతురా!"

కెమెరాను తలుపు పక్క మూలకు జరిపింది, తలుపులోంచి వచ్చేదేదైనా లోపలికి పోయేటప్పుడు పడేట్టు. తర్వాత పెరట్లోకి పోయి చీర కట్టుకుని మోపు ఎత్తుకుంది.

ఇరవై నిమిషాల తర్వాత ఆమె తిన్నె దగ్గరికి వచ్చింది. లోకేశ్ కుర్చీలో ఉన్నాడు. గంగాధరప్ప పైపంచె భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. ఆశ్చర్యం, పుట్టమ్మ కూడా ఉంది, ఈసారి లేచిపోలేదు. ముగ్గురూ తెరనే చూస్తున్నారు.

తెర మీద ఒక ఆడమనిషి వీపు. నెత్తిన మోపు దించి, తట్ట మీదికి వంగి ఆకు పరుస్తోంది. చేతులు కదిలిపోయి మసకగా పడ్డాయి. వీపు మాత్రం కదల్లేదు, కడిగినట్టు స్పష్టంగా ఉంది. రవిక అంచున ఒకటి, పమిట మడతలో రెండు, నడుము దగ్గర రెండు. అయిదు ఈగలు, ఎవరో పిలిస్తే వచ్చిన చుట్టాల్లాగా తీరిగ్గా కూర్చుని ఉన్నాయి.

"ఎవురిదిరా ఇది?" అంది అక్కయమ్మ.

వేళాకోళం కాదు. నిజంగానే గుర్తుపట్టలేదు. యాభై ఎనిమిదేళ్ళలో తన వీపును తాను ఎన్నడు చూసింది గనక? అంత వంగిపోయి ఉంటుందని కూడా ఆమెకు తెలియదు.

"నీదే పెద్దమ్మా" అన్నాడు లోకేశ్, చాలా మెల్లగా.

తర్వాతి ఫోటోలో వీపు మీద మూడే ఉన్నాయి. ఆ తర్వాతి దాంట్లో ఒకటి. మిగతావి తట్టల మీద ఉన్నాయి.

ఆమెకు విడమర్చి చెప్పనక్కరలేదు. ఇరవై రోజులుగా సబ్బు తగలని చీర. మనుషులకు తెలియదు గానీ, దానికి పురుగుల వాసన నిండా పట్టేసి ఉంటుంది. ఆ వాసన కోసమే ఊజి వల మీద ఎండలో పడిగాపులు కాస్తుంది. వల దాటలేనిది, పెరట్లో మేకు దగ్గరికీ, వంగి మోపు కట్టుకునే ఆ వీపు దగ్గరికీ వచ్చింది. ఆమె రోజుకు నాలుగుసార్లు, గౌరవంగా, వల తలుపు తన చేత్తో తీసి, వాటిని లోపలికి తీసుకుపోయింది. ఇంకెవరూ రాకూడదని ఆరు నెలలుగా కాపలా కాసింది కూడా ఆమే.

పుట్టమ్మ లేచింది. అక్కయమ్మ ముందు నుంచే నడిచి, గోడ దాటి, తన ఇంట్లోకి పోయింది. "ఇప్పుడేమంటావు" అని అడిగి ఉన్నా అక్కయమ్మ తల దించుకుని నిలబడేది. వీధి వీధంతా వినేట్టు తను అన్న మాట ఆమెకు అప్పుడు తన చెవులతో తనకే వినబడింది.

గంగాధరప్ప తెర మీద నుంచి చూపు తిప్పాడు. "పురుగు చేజారిందా?"

"లేదు. ఇంగా మూడు దినాలుండాది. దినామూ ఏరేస్తే నిలుస్తాది. కొత్తగా లోపలికి రాకుండా ఉంటే నిలుస్తాది."

"చీర ఉడకేస్తావులే. అయితే ఇన్నేండ్లు పురుగుల్లో ఉండే మనిషివి, ఒంటికీ వాసన ఉంటాది. ముందర వాలితే నువ్వు తోలుకుంటావు. ఈపు మీద వాలితే?" అన్నాడు. "నేను తోటకాడ ఉంటా. తెల్లారితే లోకేశ పోతాడు, వాని కెమెరా పోతాది. తలుపుకాడ నిలబడి నీ ఈపు చూసే మనిషిని తెచ్చుకో. ఈ పంట నిలిస్తే అంజినప్పకు ట్రాక్టరు వద్దని నేనే చెప్తా."

మొగుడు న్యాయంగానే మాట్లాడాడు. ఊళ్ళో ఆడవాళ్ళు లేక కాదు. కానీ ఊజి ఈగకూ మామూలు ఈగకూ తేడా చూడగానే చెప్పగలిగే కన్ను, తలుపు తీసినప్పుడు ఎటు నిలబడాలో తెలిసిన మనిషి, రోజుకు నాలుగుసార్లు తన పని మానుకుని వచ్చేంత చనువున్న మనిషి, సోమేనహళ్ళిలో ఒక్కతే ఉంది. ఆ ఒక్కతి ఇప్పుడే గోడ దాటి పోయింది.

అక్కయమ్మ చీరను మరిగే నీళ్ళలో వేసి గంటసేపు ఉడికించింది. ముప్పై ఏళ్ళ నియమం ఎర్రటి నీళ్ళుగా కాలవలో పోతుంటే నిలబడి చూసింది. ఎండకు వేసి, ఎండాక కట్టుకుని, నాలుగు గంటల మేతకు ఇంకా అరగంట ఉందనగా, పెరట్లోకి కాకుండా వీధిలోకి నడిచింది. ఆమెకు గోడ దాటే మొహం లేదు. అందరూ నడిచే దారినే పోయి పుట్టమ్మ గడప ముందు నిలబడింది.

పుట్టమ్మ చేటలో శనక్కాయలు ఒలుస్తోంది. తల ఎత్తలేదు.

"పుట్టమ్మా" అంది అక్కయమ్మ. ఇంటి దగ్గర అనుకుని వచ్చిన మాటలన్నీ ఎటో పోయాయి. "నా ఈపు నాకు కనపళ్ళేదు."

శనక్కాయ ఒకటి పటుక్కుమంది.

"తప్పు నాదే. నిన్ను అన్యాయంగా అంటిని. అందరి ముందర అంటిని." చెంగు నడుముకు దోపుకుని, "దినానికి నాలుగుసార్లు తలుపుకాడ నిలబడి సూసేవాళ్ళు కావాల" అంది.

"నా కాలు పడితే?" అంది పుట్టమ్మ, చేటను చూస్తూనే.

"పడనీ."

"పూలు పెట్టుకోనుంటే?"

అక్కయమ్మ తప్పు ఒప్పుకోవడానికే వచ్చిన మాట నిజమే. కానీ పురుగు పురుగే. "అవి మాత్రం ఇంట్లో పెట్టి రా" అంది.

పుట్టమ్మ పెదవి ఒక పక్కకు కదిలింది. చేట పక్కన పెట్టి, ఒళ్ళోని పొట్టు దులుపుకుని లేచింది. "తిరుగు, సూస్తా" అంది.

అక్కయమ్మ తిరిగి నిలబడింది. వీపు మీద ఛెళ్ళున ఒక దెబ్బ పడింది. ఈగను కొట్టడానికి అంత బలం అక్కర్లేదు. పైగా గంటసేపు ఉడికి, ఎండలో కరకరలాడేట్టు ఎండిన చీర అది; వీధిలో పాతిక అడుగులు నడిచింది, అంతే. దాని మీద ఏదీ వాలి ఉండదని అక్కయమ్మకు తెలుసు. పుట్టమ్మకూ తెలుసు.

"ఒకటి" అంది పుట్టమ్మ. "ఇంగొకటుండాదక్కా. కదలొద్దు."

అక్కయమ్మ కదల్లేదు. గడప పక్కనున్న గుంజను రెండు చేతులతో పట్టుకుని, "ఎన్నుండాయో అన్నీ కొట్టు" అంది.